గాలికి ఎదురుగా ఏం నిలబెట్టాం?

ఉగాది వెళ్ళి ఎండలు ముదిరాక పాత అనంతపురం జిల్లా ఓబులదేవరచెరువు మండలంలోనో, చుట్టుపక్కల గోరంట్ల, నల్లమాడ, ఆమడగూరు వైపునో గాలివాన ఎలా వస్తుందో అక్కడివాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పొద్దున్నుంచీ ఉక్క పోస్తుంది. మూడు నాలుగు గంటలకు ఒక దిక్కున మబ్బు నల్లగా లేస్తుంది. ముందు దుమ్ము, దాని వెనక గాలి, ఆ వెనక లావు చినుకులు, ఒక్కోసారి వాటితో పాటే రాళ్ళు. అరగంటలో అంతా అయిపోతుంది. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ నిండా ఒకే రకం ఫొటోలు ఉంటాయి: పడుకున్న అరటితోట, రాలిన మామిడికాయలు, ఎగిరిపోయిన రేకులు, వంగిన కరెంటు స్తంభాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఏటా మార్చి నుంచి మే దాకా ఇవే వార్తలు ఊరి పేర్లు మార్చుకుని వస్తుంటాయి. వార్త రాసేవాళ్ళు తప్పు ప్రకృతి మీద వేస్తారు. అధికారులు నష్టం అంచనా వేస్తారు. వచ్చే ఏడు మళ్ళీ అదే కథ. గాలి ఎంత గట్టిగా వీచిందన్నది ఇందులో సగం సంగతే. ఆ గాలి వచ్చే నెలల్లో దానికి ఎదురుగా మనం ఏం నిలబెట్టి ఉంచామన్నది మిగతా సగం. గడిచిన మూడు నాలుగు దశాబ్దాల్లో ఈ ప్రాంతంలో ఎక్కువగా మారింది ఈ రెండో సగమే అని నా వాదన.

ఈ వాన అనుకోకుండా వచ్చేది కాదని ముందు ఒప్పుకోవాలి. పాత అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 553 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీనికి పేరు. అందులో నైరుతి రుతుపవనాల వాటా 338, ఈశాన్యం వాటా 156. రెండూ తీసేస్తే మిగిలేది 59 మిల్లీమీటర్లు. చలికాలంలో చుక్క పడదు కాబట్టి ఈ మిగిలిందంతా దాదాపుగా వేసవి ఉరుముల వానే. అంటే ఏడాది వానలో పదో వంతు ఈ గాలివానల మీదుగానే వస్తోంది. పదో వంతు తెచ్చేదాన్ని అనుకోని అతిథి అనడం కుదరదు. మన పెద్దలు అలా అనుకోలేదు కూడా. వాళ్ళు ఈ వానకు కార్తెలవారీగా లెక్క కట్టి పెట్టుకున్నారు. అశ్విని కురిస్తే అంతా నష్టం అన్నారు, భరణి కురిస్తే ధరణి పండుతుంది అన్నారు. అశ్విని ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. అప్పటికి మామిడి పిందె చెట్టు మీదే ఉంటుంది, కళ్ళాల్లో పని పూర్తిగా అయి ఉండదు. రెండు వారాలు గడిచి భరణి వచ్చేసరికి చేలో చెడిపోయేది ఏమీ ఉండదు. అప్పుడు పడిన వాన భూమిని మెత్తబరిచి దుక్కికి పనికొస్తుంది. ఈ రెండు సామెతలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. వాన మంచిదా చెడ్డదా అన్నది వానలో లేదు, ఆ పూట చేలో ఏముందన్న దాంట్లో ఉంది. నేను చెప్పబోయేదంతా ఒక రకంగా ఈ సామెతలకు వ్యాఖ్యానమే.

గాలివాన పుట్టుక తెలిస్తే దాని దెబ్బ ఎందుకలా ఉంటుందో తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమ, దక్షిణ కర్ణాటక పీఠభూములు పెనం లెక్కన కాలుతుంటాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, లోపలి ప్రాంతాల పొడిగాలి ఈ పీఠభూమి మీద ఎక్కడో ఒకచోట కలుస్తాయి. మహారాష్ట్ర నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ఉపరితల ద్రోణి ఉందని వాతావరణ శాఖ బులెటిన్లలో వినిపించేది ఈ కలయిక రేఖ గురించే. అక్కడ వేడెక్కిన గాలి నిట్టనిలువుగా లేచి 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తు మేఘంగా కడుతుంది. మేఘంలో నీటి బరువు పెరిగి వాన కిందికి దిగడం మొదలుపెట్టాక అసలు కథ నడుస్తుంది. మన దగ్గర మేఘం అడుగుకీ నేలకీ మధ్య గాలి బాగా పొడిగా ఉంటుంది. పడే చినుకుల్లో కొన్ని దారిలోనే ఆవిరైపోతాయి. ఆవిరి కావడానికి కావాల్సిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటాయి. దాంతో ఆ గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి కూలుతుంది. నేలను తాకి ఇక పోవడానికి దారి లేక నలుదిక్కులకూ పరుచుకుంటుంది. వానకంటే ముందు చల్లగా వచ్చి దుమ్ము లేపేది ఈ గాలే. వాన తక్కువగా పడినచోట కూడా గాలి దెబ్బ గట్టిగా ఉండటానికి కారణం ఈ పొడి పొరే. ఎండిన సీమలో గాలివానలో వాన కంటే గాలిదే పైచేయి అవుతుంది.

ఈ జిల్లాకు గాలి కొత్త కాదు కదా అనిపించవచ్చు. రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు పెట్టారు. ఆషాఢంలో ఇక్కడి గాలికి గొడుగు నిలవదు. అయితే ఆ గాలి వేరు, ఈ గాలి వేరు. నైరుతి గాలి వారాల తరబడి ఒకే దిక్కు నుంచి, దాదాపు ఒకే వేగంతో వీస్తుంది. చెట్టు దానికి అలవాటు పడి ఒక వైపు వంగి పెరుగుతుంది, మనిషి ఇంటి గుమ్మం ఎటు పెట్టాలో తెలుసుకుంటాడు, కంపెనీ దానితో కరెంటు తీస్తుంది. వేసవి ఈదురుగాలి పై నుంచి పడి ఏ దిక్కుకైనా పారుతుంది. ప్రశాంతంగా ఉన్న గాలి నిమిషంలో గంటకు 50, 60 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, అప్పుడప్పుడు అంతకు మించుతుంది. పైగా గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 8 కిలోల బరువుతో తోస్తే, 80 కిలోమీటర్ల గాలి రెండింతలతో ఆగదు, నాలుగింతలు, అంటే 31 కిలోల బరువుతో తోస్తుంది. అందుకే ఒక ఊళ్ళో ఆకులు చిరిగి ఆగితే, రెండు మైళ్ళ అవతల ఊళ్ళో తోట మొత్తం పడిపోతుంది.

రాళ్ళవాన సంగతికి వస్తే, మే నెలలో కూడా అయిదు కిలోమీటర్ల ఎత్తుకు పోతే నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. మేఘంలో పైకి లేచే గాలి బలంగా ఉంటే, చిన్న మంచు పలుకు ఆ ఎత్తులోనే తేలుతూ, చల్లటి నీటి బొట్లను తన మీదకు చేర్చుకుంటూ పెరుగుతుంది. దాని బరువును గాలి మోయలేనప్పుడు కింద పడుతుంది. సన్న రాళ్ళు చాలావరకు దారిలో కరిగిపోతాయి. పెద్దవి మిగులుతాయి. అంగుళం దాటిన రాయి గంటకు 40 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. రాయి అడ్డుకొలత రెండింతలైతే బరువు ఎనిమిదింతలు, వేగం కూడా కొంత ఎక్కువ. లెక్క వేస్తే దెబ్బ పదహారింతలు. గోళీకాయంత రాయికీ నిమ్మకాయంత రాయికీ మధ్య తేడా మామిడి రైతుకు ఈ లెక్క లేకుండానే తెలుసు. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ దగ్గర రాళ్ళవానకు 246 మంది చనిపోయారు. వడగళ్ళ వల్ల ఒకేచోట అంతమంది పోవడం ప్రపంచంలో అదే అత్యధికమని ప్రపంచ వాతావరణ సంస్థ నమోదు చేసింది. మనకు దగ్గర్లో 2023 మార్చి 16న తెలంగాణలో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో నేల తెల్లగా కప్పుకుపోయేంత రాళ్ళు పడ్డాయి. చూసినవాళ్ళు కశ్మీర్‌తో పోల్చారు. వారం తిరిగేసరికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దెబ్బతిన్న జిల్లాలు తిరిగి ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించారు.

కశ్మీర్ పేరు వచ్చింది కాబట్టి అసలు మంచు కురిసే చోట్లకు ఒకసారి వెళ్ళి వద్దాం. మన వేసవి గాలివానకు చలిదేశాల్లో ఒక అన్న ఉన్నాడు. అది వసంతకాలపు మంచు తుఫాను. నడి చలికాలంలో పడే మంచు పొడి పిండిలా ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పడేది అలా కాదు. అప్పటికి గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మంచు సగం తడిగా దిగి, తాకినదానికల్లా అంటుకుంటుంది. పొడి మంచు పది అంగుళాలు పడితే కరిగాక అంగుళం నీరవుతుంది. తడి మంచు అయిదారు అంగుళాలు పడితే చాలు, అంతే నీరు. అడుగు మందాన తడి మంచు పేరుకుంటే చదరపు మీటరు మీద అరవై కిలోల దాకా బరువు. 2003 మార్చిలో అమెరికాలోని డెన్వర్ నగరంలో మూడు రోజుల్లో 31.8 అంగుళాల మంచు పడితే ఆ బరువుకు విమానాశ్రయం మీది గుడారం కప్పు ఒకచోట చిరిగింది. 2018 మార్చి మొదటి వారంలో న్యూజెర్సీ రాష్ట్రాన్ని అయిదు రోజుల తేడాలో రెండు తుఫాన్లు తాకాయి. రెండోది తడి మంచుతో వచ్చింది. గాలికి ఊగే కొమ్మల మీద ఆ బరువు పడి, కొమ్మలు తీగల మీద పడి, లక్షల ఇళ్ళలో కరెంటు పోయింది. ఆ రాష్ట్రంలోని ఎడిసన్ చుట్టుపక్కల వేలాదిగా ఉన్న తెలుగు కుటుంబాలకు ఆ వారం గుర్తుండే ఉంటుంది.

అయితే మంచు కథలో మనకు పనికొచ్చే అసలు ముక్క వేరే ఉంది. చలిదేశాల చెట్లు చలికాలానికి ముందే ఆకు రాల్చేస్తాయి. ఉత్త కొమ్మల మీద మంచు నిలవడానికి చోటు తక్కువ, గాలికి పట్టు తక్కువ. అందుకే జనవరిలో రెండడుగుల మంచు పడినా చెట్టు తట్టుకుంటుంది. ఆకు ఉన్నప్పుడు పడితే మాత్రం కొద్దిపాటి మంచుకే కూలుతుంది. 2011 అక్టోబరు 29న, ఆకు ఇంకా రాలకముందే, అమెరికా ఈశాన్య రాష్ట్రాల మీద తడి మంచు కురిసింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పడింది మూడు అంగుళాల లోపే. అయినా ఆ ఒక్క పార్కులోనే వందల చెట్లు విరిగాయి. రాష్ట్రాలన్నీ కలిపి 30 లక్షలకు పైగా కరెంటు కనెక్షన్లు తెగిపోయాయి. మన కశ్మీర్‌లో 2018లోనూ, మళ్ళీ 2019లోనూ నవంబరు మొదటి వారంలోనే మంచు పడి ఆపిల్ తోటలు చీలిపోయాయి. చెట్ల మీద ఆకు ఉండటమే కారణం, కొన్ని తోటల్లో కాయ కూడా ఉంది. వసంతంలో చిగురు వేశాక పడే మంచుదీ ఇదే తీరు. కొలతల్లో చూస్తే ఇవేవీ భయంకరమైన తుఫాన్లు కావు. రావాల్సినదానికంటే కొన్ని వారాలు అటూ ఇటూ జరిగి, చెట్టు నిండుగా ఉన్న పూట తగిలాయి.

ఇప్పుడు ఓబులదేవరచెరువుకు తిరిగి వద్దాం. అనంతపురం అంటే ఒకప్పుడు చెనక్కాయ, అంటే వేరుశనగ. జూన్, జూలైలో విత్తేవారు, అక్టోబరు, నవంబరులో పెరికేవారు. కదిరి వేరుశనగ పరిశోధన కేంద్రం పేరుతో వచ్చిన రకాలు దేశమంతా వెళ్ళాయి. ఆ పంటను వాన ఎగ్గొట్టేది, తెగులు తినేది, ధర ముంచేది. గాలి మాత్రం ఏమీ చేయలేకపోయేది. చెనక్కాయ చెట్టు మోకాలెత్తు, కాయ భూమిలో. అంతకంటే ముఖ్యం, ఏప్రిల్ నాటికి చేనంతా బీడు. ఆ బీడు మీద గంటకు 80 కిలోమీటర్ల గాలి వీచినా దుమ్ము లేవడం తప్ప జరిగేదేమీ లేదు. పడిన వాన మాత్రం దుక్కికి మిగిలేది. ఆకు రాల్చిన చెట్టు మీద మంచు ఎంతో, బీడు పడిన చేను మీద గాలివాన అంత. తెలిసి చేశారో తెలియక చేశారో, ఆ పాత సేద్యం గాలి కాలానికి చేలను ఖాళీ చేసి ఉంచేది.

ఆ తర్వాత బోరు వచ్చింది, డ్రిప్పు వచ్చింది, తోట వచ్చింది. చీనీ, మామిడి, దానిమ్మ, అరటి, బొప్పాయి, కర్బూజ, టమాటా, పట్టుపురుగుల కోసం మల్బరీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2020 సెప్టెంబరు 9న దక్షిణ భారతంలో మొదటి కిసాన్ రైలు అనంతపురం నుంచే ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్‌కు పళ్ళు, టమాటాలు తీసుకుని బయల్దేరింది. వాన తక్కువ జిల్లా పండ్ల జిల్లా అయింది. ఇందులో రైతు తెలివి ఉంది, కష్టం ఉంది, కాదనడానికి లేదు. కాకపోతే ఈ మార్పు క్యాలెండరును తలకిందులు చేసింది. ఇప్పుడు ఏప్రిల్‌లో చేను బీడుగా లేదు. ఏడాది పెట్టుబడి అంతా సరిగ్గా ఆ నెలల్లోనే చేలో నిలబడి ఉంటోంది: మామిడి కాయ మీద, అరటి గెల మీద, టమాటా కోతకు. వాన రాకపోతే వచ్చే నష్టం నుంచి రైతు బోరు సాయంతో కొంత బయటపడ్డాడు, గాలి తెచ్చే నష్టాన్ని నెత్తికెత్తుకున్నాడు. మొదటి నష్టం గురించి ఈ జిల్లాలో వందేళ్ళుగా మాట్లాడుతున్నారు. కరువు సంఘాలు వచ్చాయి, చెరువులు, కాలువలు, పథకాలు వచ్చాయి. రెండోదాని గురించి మాట్లాడేది నష్టం జరిగిన మర్నాడు మాత్రమే.

అరటినే చూడండి. దాన్ని చెట్టు అంటాం గానీ అందులో మాను లేదు. ఆకు తొడిమలు ఒకదానిలో ఒకటి చుట్టుకున్న నీటి బుంగ అది. వేరు లోతుకు పోదు. ఆకు వెడల్పు తెరచాప అంత. గెల దిగాక పాతిక ముప్పై కిలోల బరువు పైభాగంలో ఒక పక్కకు వేలాడుతుంది. జూన్, జూలైలో నాటిన టిష్యూకల్చర్ మొక్క పదకొండు పన్నెండు నెలలకు కోతకు వస్తుంది కాబట్టి, సరిగ్గా గాలివాన నెలల్లో దాని తల బరువు అత్యధికం. 2025 మార్చి నాలుగో వారంలో కడప జిల్లా లింగాల మండలంలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న అనంతపురం జిల్లా యల్లనూరు వైపునూ ఒక్క రాత్రి గాలికి అరటితోటలు వరసలు వరసలుగా పడిపోవడానికి కారణం ఈ నిర్మాణమే. అదే గాలికి పక్కనున్న చింత, వేప, కానుగ చెట్లకు పెద్దగా ఏమీ కాదు. ఎకరాకు లక్ష దాటే పెట్టుబడిని మాను లేని మొక్క మీద పెట్టి, దాని బరువైన నెలను గాలి నెలతో కలిపినప్పుడు, తప్పంతా గాలిదే అనడం న్యాయం కాదు.

రేకుల షెడ్ల కథ కూడా ఇలాంటిదే, కాకపోతే తిరగేసిన కథ. మంచు కప్పును కిందికి తొక్కితే, గాలి పైకి లాగుతుంది. మన పట్టుపురుగుల షెడ్లు, కోళ్ళ షెడ్లు, పశువుల కొట్టాలు చాలావరకు ఒక పక్క తెరిచి ఉంటాయి. గాలి లోపలికి దూరి కింద నుంచి నెడుతుంది, కప్పు మీదుగా జారే గాలి పై నుంచి పీలుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల గాలిలో చదరపు మీటరుకు 31 కిలోల ఒత్తిడి అనుకున్నాం. ఇనుప రేకు సొంత బరువు చదరపు మీటరుకు అయిదు కిలోలు. అంటే రేకు ఎగరకుండా ఉన్నదంటే అది బరువు వల్ల కాదు, కట్టడి వల్ల. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు షెడ్డు కప్పును గాలి సుమారు 1,800 కిలోల బలంతో లేపుతుంది, దాన్ని ఆపేది కొన్ని కొక్కేల బోల్టులు, నాలుగు దూలాలు, వాటిని స్తంభానికి బిగించిన తీరు. రేకు మీద బండరాళ్ళు, పాత టైర్లు పెట్టడం ఊళ్ళలో మామూలే. ఈ లెక్కకు అవి చాలవు, పైగా గాలికి అవే ఎగిరి మనుషుల మీద పడతాయి. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కు వెళ్ళే పంట ఇలాంటి కప్పు కింద నెల రోజులు పెరుగుతుందని గుర్తుంచుకుంటే, ఆ బోల్టుల ఖర్చు మిగుల్చుకోవడం ఎంత దండగో తెలుస్తుంది.

ఇక ఎదురు ప్రశ్నలు. వాతావరణం మారిపోతోంది, గాలివానలే ముదిరాయి, అది వదిలేసి రైతు వేసిన తోటను తప్పుబడతావా అని అడగవచ్చు. గాలి వేడెక్కిన కొద్దీ డిగ్రీకి ఏడు శాతం చొప్పున ఎక్కువ తేమ మోస్తుందన్నది భౌతికశాస్త్రం, అందులో వివాదం లేదు. ఎక్కువ తేమ అంటే మేఘానికి ఎక్కువ బలం. అయితే వేడి పెరిగితే మంచు గడ్డకట్టే ఎత్తు కూడా పైకి జరుగుతుంది. చిన్న రాళ్ళు కరిగిపోయి, పెద్ద రాళ్ళు మరింత పెద్దవి కావచ్చు. ఊరి స్థాయిలో వచ్చే అరగంట గాలివానల దీర్ఘకాలిక లెక్క కట్టడం వానలెక్క కట్టినంత సులువు కాదు, ఎందుకంటే అవి చాలాసార్లు వాతావరణ కేంద్రాల మధ్య నుంచి జారిపోతాయి. కాబట్టి వాతావరణ మార్పును నేను తోసిపుచ్చడం లేదు. గాలి ఏమీ మారకపోయినా నష్టం ఇంతగా పెరిగి ఉండేదే అంటున్నాను. గాలి కూడా ముదురుతున్నదంటే నా వాదన బలహీనపడదు, మరింత తొందర చేయాల్సి వస్తుంది. వాతావరణ మార్పును ఆపడం ఓబులదేవరచెరువు రైతు చేతిలో లేదు, అరటి ఏ నెలలో నాటాలన్నది ఉంది.

అయితే మళ్ళీ చెనక్కాయకే పొమ్మంటావా అన్నది రెండో ప్రశ్న, మొదటిదానికంటే పదునైనది. అనను. చెనక్కాయ నమ్ముకుని ఈ జిల్లా ఎన్ని ఏళ్ళు వరసగా నష్టపోయిందో, ఎంతమంది బెంగళూరు బస్సెక్కారో అందరికీ తెలుసు. తోట వద్దనడం నా ఉద్దేశం కాదు, గాలి ఉందని ఒప్పుకుని వేసిన తోట కావాలంటున్నాను. నాటే నెలను విడదీసి, అంతా ఒకే పూట గెల మీద ఉండకుండా చూసుకోవడం ఒక మార్గం. గెల దిగిన మొక్కకు సర్వి బొంగు ఊతం ఇవ్వడం, వరసలను ప్లాస్టిక్ తాళ్ళతో ఒకదానికొకటి కట్టడం ఇప్పటికే కొందరు చేస్తున్నదే. పొలం గట్టు మీద సర్వి, అవిశ లాంటి చెట్ల వరస పెడితే, తన ఎత్తుకు సుమారు పదింతల దూరం దాకా గాలి వేగాన్ని తగ్గిస్తుంది. ఆరు మీటర్ల వరస అరవై మీటర్ల తోటను కాస్తుందన్నమాట. రెండెకరాల రైతు గట్టు చెట్లకు నేలా నీళ్ళూ ఎక్కడి నుంచి తెస్తాడని అడిగితే అది న్యాయమైన అడ్డు. ఒక్కడే పెడితే నీడ, వేరు పోటీ తన చేలోనే పడతాయి, లాభం మాత్రం పక్కవాడితో పంచుకోవాలి. అందుకే ఇది ఒక రైతు పని కాదు, పది మంది గట్లు కలిసే పని. ఇంకొక పరిమితి కూడా ఒప్పుకోవాలి. పై నుంచి కూలే గాలికి దిక్కు ఉండదు కాబట్టి ఒక పక్క వరస అన్నిసార్లూ ఆపదు. గంటకు 100 కిలోమీటర్లు దాటితే ఏ ఊతమూ నిలవదు. కానీ మన తోటలను పడగొట్టే గాలుల్లో ఎక్కువ భాగం ఆ స్థాయివి కావు. 50, 60 మధ్య వేగంలో పది కిలోమీటర్లు తగ్గించగలిగినా ఒత్తిడి మూడో వంతు తగ్గుతుంది. ఊతం విలువకు సాక్ష్యం మన దగ్గరే ఉంది: కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అయిదు ఎకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిందంటే, ప్రతి కొమ్మ కింద తనకు తానే ఊడల ఊతం దింపుకుంది కాబట్టి.

ముందే తెలిస్తే కదా జాగ్రత్త పడేది అని మరికొందరంటారు. నిజమే, ఫలానా ఊరి మీద ఫలానా గంటకు మేఘం విరుచుకుపడుతుందని రెండు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. జిల్లా స్థాయిలో రేపు ఉరుములు, ఈదురుగాలులు ఉండొచ్చని చెప్పగలరు. ఊరికి దగ్గరగా చెప్పాలంటే రెండు మూడు గంటల ముందే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ పిడుగు ముప్పును ఇంకా దగ్గరగా చూపిస్తుంది. ఆ రెండు మూడు గంటలు గొర్రెలను, మనుషులను చెట్టు కింద నుంచి తప్పించడానికి, యార్డులో ఆరబోసిన పంట మీద పట్టలు కప్పడానికి సరిపోతాయి. ప్రాణాలు కాపాడటానికి అవి చాలా విలువైనవి. రేకుకు బోల్టు బిగించడానికి, గట్టు మీద చెట్టు పెంచడానికి మాత్రం చాలవు. ఆ పనులు రేపటి హెచ్చరికను బట్టి చేసేవి కావు, గాలి ఏటా వస్తుందన్న తెలివితో పండుగ నెలలోనే చేసుకోవాల్సినవి.

మిగిలింది పరిహారం. ఇక్కడ ప్రభుత్వ లెక్కలే పాత చెనక్కాయ కాలంలో ఆగిపోయి ఉన్నాయి. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో కరువు, తుఫాను, వరదలతో పాటు వడగళ్ళు ఉన్నాయి, కానీ తుఫాను కాని ఉత్త ఈదురుగాలి లేదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పది శాతం దాకా తామే గుర్తించిన స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు, అంతే. ఫసల్ బీమాలో ఒక రైతు పొలానికి విడిగా నష్టం లెక్కగట్టే స్థానిక విపత్తుల్లో కూడా వడగళ్ళకు చోటుంది, గాలికి లేదు. రాళ్ళు పడినచోట రైతు 72 గంటల్లో తెలియజేస్తే చాలు. గాలికి మాత్రమే పడిపోయిన అరటికి ఆ దారి మూసుకుపోయింది. వాతావరణ ఆధారిత బీమా గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోగలదు గానీ, ఆ వేగాన్ని కొలిచే యంత్రం ఎక్కడో మండల కేంద్రంలో ఉంటుంది. మూడు కిలోమీటర్ల వెడల్పున పారిపోయే గాలి దాన్ని తాకకుండానే తోటను పడేసి వెళ్ళిపోవచ్చు. ఇక విపత్తు సాయం అందినా, 2022లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 33 శాతానికి పైగా దెబ్బతిన్న బహువార్షిక పంటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి తొమ్మిది వేల చిల్లర. మోకాలెత్తు పంట మునిగితే తిరిగి విత్తనం కొనుక్కోవడానికి సరిపడేలా వేసిన లెక్క ఇది. గాలి వేగం కొలిచే యంత్రాలు పంచాయతీకి ఒకటి చొప్పున లేకుండా, ఈదురుగాలిని వడగళ్ళ పక్కన చేర్చకుండా, లక్ష పెట్టుబడి పంటకు తొమ్మిది వేలు ఇస్తూ, దాన్ని పండ్ల జిల్లా అని పిలుస్తున్నాం.